తోక చూశాకే పేరు

ఏప్రిల్ మొదట్లో మా బావమరిది రొయ్యల గుంటల గట్టు మీదికి ఒక గోధుమరంగు పక్షి రావడం మొదలైంది. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టేశారు. బావమరిది గద్ద అన్నాడు. మేత చల్లే కుర్రాళ్లు డేగ అన్నారు. ఫోనులోని పక్షుల యాప్ ఒక ఫొటోకు బ్లాక్ కైట్ అని, అదే పక్షి ఇంకో ఫొటోకు మార్ష్ హ్యారియర్ అని చెప్పింది. ఎవరూ తగ్గకపోవడంతో నాకు ఫోను వచ్చింది.

"బావా, నీ దగ్గర ఇంత పొడుగు లెన్సు ఉంది కదా. పెళ్లిళ్లు లేని రోజు చూసుకొని వచ్చి తేల్చేసి పో."

నేను నెల్లూరులో పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. అన్నం పెట్టేది ఆ 70-200 లెన్సే. పక్షుల కోసం కొన్న 150-600 లెన్సు గురించి ఇంట్లో నేను ఎక్కువ మాట్లాడను. ముహూర్తాలు లేని ఉదయాల్లో దాన్ని వేసుకొని కాలువ గట్ల వెంట తిరగడం కొన్నేళ్లుగా అలవాటు. కాబట్టి బావమరిది పిలవడమే ఆలస్యం, బయలుదేరాను.

గుంటలు ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు, బకింగ్‌హాం కాలువకు ఇవతల ఉన్నాయి. ఒక పక్క సరుగుడు తోట, ఇంకో పక్క వరుసగా తాటిచెట్లు, మధ్యలో వనామి రకం రొయ్యల గుంటలు. సముద్రం కనిపించదు కానీ గాలిలో తెలుస్తుంది. వేటాడే పక్షులకు ఇంతకంటే మంచి చోటు ఉండదు. చేప, పీత, ఎలుక, చచ్చిన రొయ్య, దేనికీ కొదవ లేదు. చలికాలంలో దూరదేశాల నుంచి హ్యారియర్లు వస్తాయి, చేపల కోసం ఆస్ప్రే వస్తుంది. ఏడాది పొడుగునా ఉండేవి ఊరి మీద తిరిగే మామూలు గద్ద, అంటే బ్లాక్ కైట్, ఇంకా నీళ్లను వదలని గరుడ పక్షి.

గరుడ పక్షిని గుర్తుపట్టడానికి ఎవరూ ఫొటోగ్రాఫర్‌ను పిలవరు. తల, మెడ, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లంతా ఇటుక ఎరుపు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు కూడా చెబుతాడు. మా అత్తమ్మ అయితే అది కనిపించిన ప్రతిసారీ చెంపలు వేసుకుంటుంది. చిక్కంతా దాని పిల్లతో. ఎగిరే వయసు వచ్చిన మొదటి నెలల్లో దానికి ఆ తెలుపూ ఉండదు, ఆ ఎరుపూ ఉండదు. ముదురు గోధుమరంగు ఒళ్లు, తల మీద, రొమ్ము మీద లేత చారలు. అదే కాలంలో అదే ఊళ్లో తిరిగే బ్లాక్ కైట్ పిల్ల కూడా గోధుమరంగే, దాని మీదా లేత చారలే. మార్ష్ హ్యారియర్ ఆడపక్షీ ముదురు గోధుమరంగే. వేటాడే పక్షుల పిల్లలు పెద్దవాటి రంగు వేసుకోవడానికి ఏడాదో, రెండేళ్లో, పెద్ద జాతులైతే ఇంకా ఎక్కువ కాలమో పడుతుంది. అప్పటిదాకా రంగును నమ్ముకొని పేరు పెడితే ఎవరి పేరు వాళ్లకు మిగులుతుంది.

అందుకే నేను వెళ్లేటప్పుడే ఒక మాట అనుకున్నాను. అందమైన ఫొటో తర్వాత, ముందు పనికొచ్చే ఫొటోలు కావాలి. పక్కనుంచి కూర్చున్నది ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి, కాళ్లు కనిపించేది ఒకటి, ఎగురుతుండగా రెక్కల అడుగు ఒకటి. అన్నిటికంటే ముఖ్యం తోక, ముడిచినప్పుడు ఒకటి, విప్పినప్పుడు ఒకటి. పెళ్లిలో మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు తప్పిపోతే మిగతా వెయ్యి ఫొటోలు ఎంత బాగున్నా తిట్లు తప్పవు కదా, ఇదీ అంతే.

మొదటి ఉదయాలు గుంటల దగ్గర ఊరికే పోయాయి. పక్షి తాటిచెట్టు మొవ్వు మీద కూర్చునేది. వెనక తెల్లటి ఆకాశం, ముందు ఒక నల్లటి ఆకారం. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు పైకి ఎత్తితే, అంటే వెలుతురు రెట్టింపు చేస్తే, ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది కానీ ఈకలు మాత్రం కనిపిస్తాయి, అది చాలు. ఏప్రిల్‌లో మా తీరంలో ఎనిమిది దాటితే వెలుతురు పనికిరాదు. తొమ్మిదికి గుంటల మీద నుంచి వేడిగాలి లేచి, లెన్సు ఎంత ఖరీదైనదైనా ఈకల అంచులు అలల్లా కదిలిపోతాయి. దూరం నుంచి తీసి తర్వాత పెద్దది చేసుకుందామంటే ఆ కాలంలో కుదరదు. దగ్గరికి వెళ్లాలి, లేదా అదే దగ్గరికి రావాలి.

మనిషి నడిచి వస్తే గద్దలు లేచిపోతాయి. కారును మాత్రం అంతగా పట్టించుకోవు. గట్టు మీద దాణా బస్తాల బండి రోజూ తిరుగుతుంది కాబట్టి ఈ పక్షికి బండి అంటే భయమే లేదు. నేను తెల్లవారకముందే కారు తీసుకెళ్లి, సూర్యుడు నా వెనక ఉండేలా గట్టు చివర ఆపి, ఇంజను కట్టేసి, కిటికీ అద్దం సగం దించి, దాని మీద తవుడు నింపిన గుడ్డ సంచి వేసి, ఆ సంచి మీద లెన్సు ఆనించి కూర్చునేవాడిని. కొనే సంచులకంటే మా అత్తమ్మ కుట్టిచ్చిన ఈ తవుడు సంచే లెన్సును బాగా పట్టుకుంటుంది. వాన పడితే మాత్రం పులిసిన వాసన వస్తుంది.

ఊరికే కూర్చుంటే సలహాలు ఇవ్వడానికి మనుషులకు కొదవా? బావమరిది పెళ్లిళ్లకు వాడే డ్రోను తెమ్మన్నాడు. తేనన్నాను. గూడు దగ్గరలో ఉంటే పెద్ద పక్షులు డ్రోను మీద పడి రెక్కలు కోసుకుంటాయి, లేదా బెదిరి పిల్లను వదిలి దూరంగా పోతాయి. ఒక కుర్రాడు కోడి పేగులు గట్టు మీద వేస్తే దానంతట అదే దిగుతుందన్నాడు. అదీ వద్దన్నాను. వేట నేర్చుకుంటున్న వయసులో మనిషి చేతి తిండి అలవాటు చేయడం దానికి మేలు కాదు. ఇంకొకడు వల వేసి పట్టుకొని దగ్గరగా తీసుకో అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి చెప్పాక వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అసలైన కబురు చెప్పింది గుంటల కాపలా ఉండే యానాది పెద్దాయన. ఆయన పక్షి కోసం తల ఎత్తి చూడడు, దాని నీడ గుంట మీద పడితే చాలు, ఏదో చెప్పేస్తాడు.

"అది పొద్దున్నే ఊరి చివర రావిచెట్టు వైపు నుంచి వస్తుంది సార్. సంక్రాంతికి అక్కడ గరుడాళ్లు పుల్లలు మోసినాయి. దాని కేక విన్నారా? మామూలు గద్దలా ఈల వెయ్యదు. పిల్లి పిల్లలా మూలుగుతుంది."

ఆ మాట నన్ను సర్దుకొని కూర్చునేలా చేసింది. గరుడ పక్షులు మన వైపు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గూళ్లు పెడతాయి. సంక్రాంతికి పుల్లలు మోస్తే ఏప్రిల్‌లో పిల్ల బయటికి రావడం సరిగ్గా సరిపోతుంది. కానీ బ్లాక్ కైట్ గూళ్లు కూడా దాదాపు అదే కాలంలో ఉంటాయి. పెద్దాయన మాట నాకు నమ్మకం కలిగించింది. రుజువు మాత్రం ఫొటోలోనే రావాలి.

అది పట్టుబడి రోజున వచ్చింది.

రొయ్యల పట్టుబడి చూడనివాళ్లకు చెబుతున్నాను, అది తెల్లవారుజామున జరిగే చిన్న తిరునాళ్ల. గుంటలో నీళ్లు దించుతారు, వలలు లాగుతారు, ఐసు పెట్టెల లారీ గట్టు మీదికి వస్తుంది, కొనేవాళ్ల మనిషి త్రాసు దగ్గర నిలబడి కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్కవేస్తాడు. కౌంట్ ఒకటి అటూ ఇటూ అయితే ధర మారిపోతుంది కాబట్టి అక్కడ అందరి కళ్లూ త్రాసు మీదే. ఆ వేళకు ఆకాశంలో గద్దల గుంపు తిరుగుతూ ఉంటుంది. నీళ్లు దిగిన గుంట అంచున బురదలో మిగిలిపోయిన రొయ్యలు, పీతలు వాటి వాటా. మామూలు రోజుల్లో గుంటల మీద అడ్డంగా నైలాన్ దారాలు కట్టి ఉంటాయి. పక్షులు ఒక గుంటలో చచ్చిన రొయ్యను తెచ్చి ఇంకో గుంటలో పడేస్తే తెల్లమచ్చ వైరస్ పాకుతుందని రైతుల భయం, అందులో అబద్ధం లేదు. ఆ దారాలు రెక్కలకు చుట్టుకొనే ప్రమాదమూ ఉంది. పెద్దాయన తన వంతు గుంటల్లో దారాలకు అడుగడుగునా మెరిసే కాగితం ముక్కలు కట్టాడు, పక్షులకు దూరం నుంచే కనిపించాలని. పట్టుబడి రోజు ఆ దారాలు విప్పేశారు.

పెద్ద గద్దలు గాల్లోనే వచ్చి, కాలితో అందుకొని, ఎగురుతూనే తిని పోతున్నాయి. మన గోధుమరంగు పక్షికి ఇంకా ఆ విద్య పట్టుబడలేదు. అది దిగింది. దిగడం కూడా సరిగ్గా రాలేదు, బురదలో రెండడుగులు తూలి, రెక్కలు ఆనించి నిలదొక్కుకుంది. అక్కడి నుంచి ఒక రొయ్యను పట్టుకొని, నా కారు ముందు, గుంట నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్ కరెంటు తీగ కోసం పాతిన సరుగుడు కర్ర మీద వాలింది. అంత దగ్గరలో 600 వద్ద ఫ్రేములో తోక పట్టదు. లెన్సును 300కు దించాను. చేతులు వణకలేదని చెప్పను.

ముందు కళ్లు. ముదురు గోధుమరంగు. డేగ అన్న కుర్రాళ్ల వాదం అక్కడే తేలిపోయింది. డేగ, అంటే షిక్రా, పిల్లకు కన్ను లేత పసుపు, కాళ్లు సన్నగా పొడుగ్గా, గొంతు మధ్యలో నిలువు గీత, తోక మీద అడ్డపట్టీలు. ఇక్కడ అవేవీ లేవు.

తర్వాత కాళ్లు. పొట్టిగా, మొద్దుగా, మాసిన పసుపు రంగులో, కింది భాగంలో ఈకలు లేకుండా ఉన్నాయి. బూటెడ్ ఈగిల్ అయితే వేళ్ల దాకా ఈకలు కప్పి ఉంటాయి. హ్యారియర్ అయితే కాళ్లు పొడుగు, ముఖం చుట్టూ గుడ్లగూబను తలపించే వలయం ఉంటుంది. పైగా హ్యారియర్లు ఇక్కడ గూడు పెట్టవు, వలస వచ్చి పోతాయి. గూడు వదిలి కొన్ని వారాలే అయిన పిల్ల మన గుంట గట్టు మీద తూలుతోందంటే అది ఇక్కడే పుట్టినదై ఉండాలి.

అది నిజంగా పిల్లేనా, గోధుమరంగు పెద్ద పక్షా అన్నది వేరే ప్రశ్న. దానికి ఈకలే జవాబు. పెద్ద పక్షులు ఈకలను విడతలవారీగా రాలుస్తాయి, కాబట్టి రెక్కలో కొత్త ఈక పక్కన అరిగి వెలిసిన పాత ఈక కనిపిస్తుంది. పిల్ల ఈకలన్నీ గూట్లో ఒకేసారి మొలిచినవి, అన్నీ ఒకే వయసువి, ఒకే నునుపు. నా ముందున్న దాని రెక్క మీది ప్రతి ఈకకూ లేత రంగు అంచు చెదరకుండా ఉంది. నడినెత్తిన ఈకల మధ్య గూటి నాటి నూగు ఒక పోగు ఇంకా అంటుకొని ఉంది, గాలికి ఊగుతోంది. దాన్ని ఫొటోలో పట్టడానికి నేను కెమెరా బఫర్ నిండిపోయేదాకా నొక్కాను. గుర్తింపుకు అది అంత అవసరం కాదు, నాకు నచ్చింది, అంతే.

రొయ్యను ఒక కాలి కింద తొక్కిపెట్టి, ముక్కుతో పొట్టు లాగి, తలను పక్కకు విదిలించి పారేసింది. మనుషులు రొయ్యలు వలిచినట్టే. కంటి మీద పాలపొర ఒకటి అడ్డంగా వచ్చి పోతోంది. ఆ క్షణంలో తీసిన ఫొటోలన్నీ పాడు, గుడ్డిపక్షిలా కనిపిస్తుంది. అందుకే ఒకటి రెండు నొక్కి ఆగకూడదు.

ఇక తోక. కూర్చున్నప్పుడు ముడిచిన రెక్కల కొసలు తోక చివరను అందుకొని కొంచెం దాటాయి. తోక పొట్టి. ఇది గరుడ పక్షి వైపు మొగ్గే గుర్తు. బ్లాక్ కైట్ తోక పొడుగు, చివర నొక్కు ఉంటుంది. కానీ నా వైపు ఉన్నది దాని ఎడమ పక్క, తోక చివర ఆకారం పక్కనుంచి తెలియదు. పక్షి తిరగలేదు. నేను కదలలేను. త్రాసు దగ్గర కౌంట్ మీద వాదన పెరిగి గొంతులు లేచాయి, అంతే, అది లేచిపోయింది. లేస్తూ నా కారు మీదుగా వెళ్లింది. షట్టర్ సెకనులో 1/2000 వంతు మీద ఉండడం వల్ల రెక్కల అడుగు దొరికింది, తోక పూర్తిగా విప్పినది కూడా దొరికింది. చివర గుండ్రంగా, విసనకర్ర అంచులా.

ఆ సాయంత్రం నెల్లూరులో పక్షులు చూసే ఒక కాలేజీ కుర్రాడికి ఫొటోలు చూపించాను. వయసులో నాలో సగం ఉంటాడు, అనుమానంలో రెట్టింపు. అతను స్క్రీను మీద వేలు పెట్టి అన్నాడు, "అన్నా, విప్పిన తోకను బట్టి చెప్పకూడదు. బ్లాక్ కైట్ కూడా తోకను బాగా విప్పితే నొక్కు పోయి చివర సమంగా కనిపిస్తుంది. పిల్లల్లో నొక్కు ఇంకా తక్కువ. ముడిచిన తోక ఉందా?"

లేదు. ఆ ప్రశ్న వేస్తాడని నాకు తెలుసు. అందుకే మొదటి నుంచీ రెండూ కావాలనుకున్నాను. రెక్కల అడుగున పొడవు ఈకల మొదట్లో వెడల్పైన తెల్లటి మచ్చ ఉంది, అది గరుడ పక్షి పిల్లకు బాగా కుదురుతుంది. కానీ బ్లాక్ కైట్‌లోనూ అక్కడ లేత మచ్చ ఉండే పక్షులు ఉన్నాయి. పరిమాణం చూద్దామంటే గరుడ పక్షి సుమారు 48 సెంటీమీటర్లు, బ్లాక్ కైట్ సుమారు 60. పక్కన కొలబద్ద లేనప్పుడు ఆ తేడా ఒంటరి పక్షి మీద తేల్చడం కష్టం. కర్ర మందం కొలిచి లెక్కవేద్దామని ఇద్దరం కొంతసేపు తంటాలు పడ్డాం, పక్షి ఒరిగి కూర్చుంది కాబట్టి ఆ లెక్క నిలబడదని వదిలేశాం.

ఆ కుర్రాడే ఒక మంచి సంగతి గుర్తుచేశాడు. 1840ల్లో మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డన్ ఇక్కడి యానాదుల సాయంతో పక్షులు, జంతువుల గురించి ఎంతో తెలుసుకున్నాడు. తర్వాత భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం రాశాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. దూరం నుంచి ఫొటో తీసే లెన్సు లేని ఆ రోజుల్లో పక్షిని తుపాకీతో కొట్టి, చేతిలో పెట్టుకొని తోక కొలిచేవారు. గరుడ పక్షిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రిసన్ 1760లో దాన్ని పాండిచ్చేరి ఈగిల్ అన్నాడు, అదీ మన తూర్పు తీరం నుంచి వెళ్లిన పక్షిని బట్టే. 1783లో డచ్చి శాస్త్రజ్ఞుడు బొడార్ట్ శాస్త్రీయ నామం పెట్టాడు. చంపకుండా తేల్చుకోవాలంటే మాత్రం మళ్లీ తెల్లవారుజామున లేవాల్సిందే. లేచాను.

ముడిచిన తోక దొరికింది గుంటల దగ్గర కాదు, కాలువ పక్కన. నీళ్లు దిగిన చోట ఎండిన మొద్దు మీద అది నాకు వీపు పెట్టి కూర్చుంది. దూరం ఎక్కువే కానీ రాత్రి జల్లు పడి గాలి తేటగా ఉంది. రెక్కల కొసల మధ్య నుంచి తోక చివర కనిపించింది. ముడిచినా గుండ్రమే. నొక్కు ఛాయ కూడా లేదు. వరసగా తీశాను, అటూ ఇటూ ఒరిగినప్పుడల్లా తీశాను. నా వరకు పేరు అక్కడే తేలింది.

ఇంకాసేపటికి ఆ మిగిలిన ముడి కూడా వీడిపోయింది. పక్షి ఉన్నట్టుండి ఒళ్లు వంచి, రెక్కలు వణికిస్తూ, పెద్దాయన చెప్పిన ఆ పిల్లి మూలుగు మొదలుపెట్టింది. ఇటుక ఎరుపు, తెలుపు కలిసిన పెద్ద గరుడ పక్షి ఒకటి కాలిలో చేపతో వచ్చి మొద్దు మీద దిగింది. చేపను వదిలింది, ఒక్క క్షణం కూడా ఆగకుండా పోయింది. కాకి కోకిల పిల్లను పెంచుతుంది కదా, మేత పెట్టినంత మాత్రాన కన్నదనుకోవచ్చా అని కాలేజీ కుర్రాడు తర్వాత ఫోనులో అడిగాడు. గద్దల్లో అలా పరాయి గూట్లో గుడ్డు పెట్టే జాతి లేదని అతనికీ తెలుసు, ఊరికే నన్ను ఏడిపించడానికి అడిగాడు.

పక్షుల వివరాలు నమోదు చేసేచోట జాతి, తేదీ, చోటు, వయసు రాశాను. చోటు రాసేటప్పుడు రావిచెట్టు ఎక్కడుందో మాత్రం రాయలేదు. గూళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అందరూ మంచివాళ్లు కారు. రుజువుగా నాలుగు ఫొటోలు పెట్టాను, కాళ్లు, రెక్కల అడుగు, విప్పిన తోక, ముడిచిన తోక. నాలుగూ చూడడానికి సాదా ఫొటోలే. ఒకదాంట్లో కరెంటు తీగ అడ్డం, ఇంకొకదాంట్లో సగం ఫ్రేము బురద.

మా అత్తమ్మకు మాత్రం ఇవేవీ నచ్చలేదు. "ఈ మట్టిరంగు పిల్లను పటం కట్టించి ఏం చేసుకుంటాం బాబూ, ఆ చేప తెచ్చిన స్వామి ఫొటో పెద్దది చేయించు" అంది. చేయించి ఇచ్చాను, దేవుడి గదిలో పెట్టుకుంది. ఇంతకీ ఆ పిల్ల ఆడా మగా అని అడిగింది. ఈ జాతిలో రంగులు రెంటికీ ఒకటే, ఆడది కొంచెం పెద్దగా ఉంటుంది, జంట పక్కపక్కన ఉంటే తప్ప కంటికి ఆనదు అన్నాను. ఇన్ని రోజులు తెల్లవారకముందే లేచి వెళ్లి ఆ సంగతి కనుక్కోకుండా వచ్చావా అన్నట్టు చూసింది. నమోదులో కూడా ఆ గడి ఖాళీగానే ఉంది.